నిశ్శబ్దం గారి అట్టలేని పుస్తకం

ఆయనకు ఆ పేరు పెట్టింది మేమే. చూపులేని వాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే ఆ గ్రంథాలయంలో, ఎవరు మైకు ముందు కూర్చున్నా ముందుగా గాజు అవతల నుంచి ఒక అట్టముక్క పైకి లేచేది. దాని మీద వేలెడంత అక్షరాలతో ‘నిశ్శబ్దం’ అని రాసి ఉండేది. అట్టముక్క వెనక ఒక బట్టతల, మందపాటి కళ్ళద్దాలు, చెవులకు హెడ్‌ఫోన్లు. అట్ట కిందికి దిగితే మనం చదవడం మొదలుపెట్టాలి. ఇంత చిన్న మాట నోటితో చెప్పొచ్చు కదా, ఈ నాటకమంతా ఎందుకని మొదటి రోజు అనుకున్నాను. ఎందుకో రెండో రోజు తెలిసింది.

ఆయనకు నత్తి. కొన్ని రోజులు ఫరవాలేదు, కొన్ని రోజులు మరీ ఘోరం. ‘ప’ అక్షరం దగ్గరికి వచ్చేసరికి మాట లోపలే గడియ వేసుకుని కూర్చునేది. ఆయన కళ్ళు మూసుకుని, మెడనరాలు బిగించి, ఆ గడియ ఊడేదాకా నిలబడేవాడు. ఎదుటివాళ్ళు జాలిపడి మాట అందిస్తే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. చెయ్యి అడ్డం పెట్టి ఆపి, తన మాట తనే పూర్తి చేసేవాడు. అంత ఓపిక ఎదుటివాళ్ళకు లేదని తెలిసిన చోట జేబులోంచి చీటీ తీసి రాసేవాడు. ఆ చీటీల్లో మాత్రం మహా వాచాలుడు.

నేను అంతకుముందు ఒక అచ్చాఫీసులో ముప్ఫై ఏళ్ళు ప్రూఫులు దిద్దాను. రిటైరైన తరవాత ఊరికే ఇంట్లో కూర్చుని చదువుకునే చదువు పదిమందికి వినపడేలా చదువుదామని వారానికి మూడు రోజులు అక్కడికి వెళ్ళేదాన్ని. నా మొదటి రికార్డింగు అయ్యాక ఆయన ఇచ్చిన చీటీ ఇప్పటికీ నా దగ్గరుంది: ‘మేడమ్, మీరు కామాలు కూడా చదువుతున్నారు. అలవాటు ప్రూఫులదా?’

అప్పటి నుంచీ మాకు కుదిరింది.

ఆయన కుర్రతనంలో రేడియోలు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. ‘నా దగ్గరికి వచ్చేవన్నీ గొంతు పోయినవే, వాటికి నన్ను వెక్కిరించే అవకాశం లేదు’ అని ఒకసారి రాసి చూపించాడు. రేడియోల కాలం వెళ్ళిపోయాక ఈ గ్రంథాలయంలో టేపుల పనికి చేరాడు. టేపులూ వెళ్ళిపోయాయి. యాభై ఏళ్ళ వయసులో ఎవరి దగ్గరా నేర్చుకోకుండా కంప్యూటరు పట్టుకున్నాడు. కంప్యూటరు ముందు ఆయన వేరే మనిషి. దూరదేశాల వాళ్ళెవరెవరో తమ మెషీన్లు మొరాయిస్తే ఒకచోట రాసుకుని, ఒకళ్ళకొకళ్ళు సలహాలు చెప్పుకునే గుంపు ఒకటి ఉండేది. అందులో ఈయన పెద్దమనిషి. నత్తి ఉన్నట్టు అక్కడ ఎవరికీ తెలియదు.

మా రికార్డింగులన్నీ దాచే మెషీను కూడా ఆయన చేతి పనే. కొన్న పెట్టెల మీద ఆయనకు నమ్మకం లేదు. నాలుగు డిస్కులు తెచ్చి, ఏ సరుకైనా నాలుగింటిలోనూ ముక్కలుగా పంచి పెట్టేటట్టు, ఒకటి చచ్చిపోయినా మిగతా మూడూ కలిసి దాని వంతు లెక్కగట్టి చెప్పగలిగేటట్టు ఏర్పాటు చేశాడు. ‘నాలుగూ అన్నదమ్ములు’ అనేవాడు. ‘ఒకడు నోరు మూసుకున్నా కథ ఆగదు.’

ఒక్కటే ఇబ్బంది. మెషీన్ల గదికీ మేము చదివే గదికీ మధ్య గోడ పల్చన. ఆ డిస్కులు ఖాళీగా ఉన్నప్పుడు బుద్ధిగానే ఉండేవి. కానీ నెలకోసారి తమను తాము సరిచూసుకునే పెద్దపని పెట్టుకున్నప్పుడు, ఎలుకలు కొయ్యపెట్టె కొరికినట్టు కరకరమనేవి. మైకు ఆ కరకర పట్టేసేది. అందుకని ఆయన చదువరి బల్ల అడుగున, కుడిచేతికి అందేలా, ఒక బటన్ బిగించాడు. అది నొక్కితే డిస్కులు ఎంత పెద్దపనిలో ఉన్నా ఉన్నచోటనే ఆగిపోతాయి. మళ్ళీ నొక్కి పైకి లేపితే ఆగిన చోటి నుంచి సాగిస్తాయి. బటన్ కిందికి ఉన్నంతసేపూ గాజుకు పైన ఒక ఎర్రదీపం వెలుగుతుంది, రెండు గదుల్లోకీ కనబడేట్టు. లేచేటప్పుడు బటన్ పైకి లేపాలి. ఇది మా అందరికీ చెప్పులు బయట విడవడమంత అలవాటు.

ఆయనకు ఒక చెల్లెలు. నాలుగేళ్ళు చిన్నది. ఏడో ఏట జ్వరం వచ్చి చూపు పోయింది. పెద్దయ్యాక ఒక ఆఫీసులో టెలిఫోన్లు కలిపే ఉద్యోగం చేసి రిటైరయింది. రెండు బస్‌స్టాపుల అవతల ఒక్కతే ఉండేది. ఆదివారం ఆదివారం ఈయన వెళ్ళి కూరలూ మందులూ ఇచ్చి, కుళాయిలూ స్విచ్చులూ చూసి వచ్చేవాడు. మాటంతా ఆవిడదే. ఆవిడ మా గ్రంథాలయానికి అందరికంటే పాత శ్రోత, అందరికంటే గట్టి విమర్శకురాలు. గురువారం గురువారం ఫోను చేసేది.

“అక్కా, ఐదో భాగంలో మీకు జలుబు చేసింది కదూ?”

“చేసిందమ్మా. తెలిసిపోయిందా?”

“తెలియకపోవడమేం, ఆ హీరోయిన్ ఏడుస్తోందనుకున్నాను, తీరా చూస్తే ముక్కు మీది! అయినా ఆ కొత్త లాయరుగారు చదివినదానికంటే వెయ్యి రెట్లు నయంలెండి. ఆయన ప్రేమలేఖ కూడా నోటీసు ఇచ్చినట్టు చదువుతాడు.”

అలాంటి మనిషికి అలాంటి అన్నయ్య. ఇద్దరికీ మాటలు పంచడం తెలియని వాడెవడో పంచాడనిపించేది.

ఇక ఆ వారం సంగతి.

డిస్కుల్లో చోటు చాలడం లేదని నిశ్శబ్దం గారు ఐదో డిస్కు తెచ్చి కలిపాడు. కలిపితే సరిపోదట. నాలుగింటిలో పరిచి ఉన్న సరుకునంతా విప్పి, మళ్ళీ ఐదింటిలో సమంగా సర్దాలట, పాత పరుపులో దూది ఏకి పెద్ద పరుపులో పోసినట్టు. రెండు మూడు రోజుల పని. మెషీనుకు ఆ పని పురమాయించి, తెర మీద ఎంత శాతం అయిందో చూసుకుంటూ కూర్చున్నాడు. సోమవారం నేను చదవడానికి కూర్చునేసరికి అరవై ఒకటి దాటింది. నా చదువు మధ్యలో కరెంటు పోయింది. ఆ వీధి మొత్తానికి పోయింది. ఆపద్ధర్మానికి పెట్టిన బ్యాటరీ కూడా పాతబడి ఉందేమో, రెండు నిమిషాలు మూలిగి ఊరుకుంది.

కరెంటు వచ్చింది. మెషీను లేచింది. సర్దుడు మాత్రం సాగలేదు. అరవై ఒకటి దగ్గరే నిలబడిపోయింది. సగం సరుకు కొత్త పద్ధతిలో, సగం పాత పద్ధతిలో, మధ్యలో చేతిలో ఉన్నది చేతిలోనే. ఆ స్థితిలో లోపలి ఫైలు ఏది తెరవబోయినా కంప్యూటరు బిగుసుకుపోయేది. ఆ సర్దుడు కదిలితే తప్ప తలుపు తెరుచుకోదు.

మంగళవారం మా కార్యదర్శి వచ్చాడు. మంచివాడే కాని ఏ పనైనా నిన్నటికి అయిపోవాలనే మనిషి.

“ఏమయ్యా, ఇంకెంతసేపు? శ్రోతలు ఫోన్ల మీద ఫోన్లు. మా ఆవిడ కూడా ఇన్నిసార్లు చెయ్యదు నాకు.”

“చూ... చూస్తున్నానండీ.”

“చూడ్డానికేముంది? కేటలాగులో ఎక్కిన పుస్తకాలన్నిటికీ కేంద్ర కార్యాలయంలో కాపీలున్నాయన్నావు కదా నువ్వే. శనివారం దాకా చూడు. లేకపోతే అంతా తుడిచేసి, కొత్తగా మొదలుపెట్టి, ఆ కాపీలు తెచ్చి పోసేద్దాం. పోయేదేముంది మనకి?”

నిశ్శబ్దం గారు నోరు తెరిచాడు. మాట రాలేదు. కార్యదర్శి ఒక క్షణం ఆగి, భుజం తట్టి వెళ్ళిపోయాడు. నిశ్శబ్దం గారు జేబులోంచి చీటీ తీశాడు. తీసి, చాలాసేపు ఖాళీగా పట్టుకున్నాడు. తరవాత రాసి నా వైపు తోశాడు.

‘ఒక పుస్తకం కేటలాగులో లేదు.’

ఆ మధ్యాహ్నం చీటీలు అయిపోయి, పాత రిజిస్టరు వెనక పేజీల మీదికి ఎక్కింది ఆ కథ.

వాళ్ళ ఇంట్లో చిన్నప్పుడు అట్ట ఊడిపోయిన ఒక లావు పుస్తకం ఉండేది. ఓడలో వంటవాడు ఒకడు లోకమంతా తిరిగే కథ. పేరు, రాసినవాళ్ళు ఎవరో ఆ అట్టతోనే పోయాయి. చెల్లెలికి చూపు పోయాక ఆ పుస్తకం రోజుకు కొంచెం చదివి వినిపించే పని ఇతనిది. పడవలూ పొగలూ ప్రయాణాలూ, పేజీ నిండా ‘ప’లే. ఇతను ఆగినప్పుడల్లా ఆ పిల్ల నవ్వుతూ తనే ఏదో ఒక మాట వేసి కథ ముందుకు తోసేది. ఆటగానే. ఒక రోజు నలభై ఆరో పేజీ దగ్గర మాట ఎంతకీ రాలేదు. ఆ పిల్ల విసుగెత్తి, “నువ్వొద్దులే అన్నయ్యా, నాన్న వచ్చాక చదువుతాడు” అంది. ఇతనికి పధ్నాలుగేళ్ళు. పుస్తకం మూశాడు. నాన్నకు ఎప్పుడూ తీరిక దొరకలేదు. ఆ తరవాత ఇతను ఆవిడ దగ్గర ఏదీ పైకి చదవలేదు, కరెంటు బిల్లు కూడా.

ఇంకో పేజీ తిప్పి రాశాడు. పదకొండేళ్ళుగా, రోజూ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు దాకా, చదివే గది తలుపు వేసుకుని ఆ పుస్తకం రికార్డు చేస్తున్నాడట. మేమంతా ఆయన అక్కడ కునుకు తీస్తాడనుకునేవాళ్ళం. వెనకాల వేళాకోళాలు కూడా చేశాం. ఒక్కో వాక్యం పదిసార్లు, ఇరవైసార్లు. అన్నిటిలోంచీ నత్తి లేని ముక్కలు ఏరి, కోసి, అతికించి, ఒక్క తడబాటూ లేని మూడు వందల పన్నెండు పేజీలు తయారుచేశాడు. చివరి పేజీ అయిపోయి ఇరవై రోజులైంది.

“మరి ఇవ్వలేదేం చెల్లెలికి?” అన్నాను.

“రెండు చోట్ల అ... అతుకు తెలుస్తోంది మేడమ్.”

“ఇంకెక్కడా కాపీ పెట్టలేదా? మా అందరినీ కాపీలు కాపీలు అని తినేస్తారు కదా!”

కేటలాగులో ఎక్కని ఫైలు బయటికి పోకూడదని రూలు పెట్టింది ఆయనే. కేటలాగులో ఎక్కించాలంటే చదువరి పేరు రాయాలి. రాయడానికి ముఖం చెల్లలేదు. చివరిగా ఇంకో వాక్యం రాసి, దాని కింద గీత గీసి నా ముందు పెట్టాడు. ‘చోటు చాలకపోవడానికి కారణం కూడా ఆ తడబాట్లే. ఒక్కటీ చెరపలేదు. ఐదో డిస్కు కొన్నది నా నత్తి కోసం.’

నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

బుధ, గురు, శుక్ర. ఆ మూడు రోజులూ చదివే గదికి తాళం. నాకు పనిలేదు. అయినా రోజూ వెళ్ళి ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. ఆ గుంపులోని దూరపు మనుషులు అడిగిన ప్రశ్నలు నేను పైకి చదివేదాన్ని, ఆయన జవాబులు కొట్టేవాడు. నాకు అర్థమైనంతవరకు జబ్బు ఇది. మెషీనును ‘ఏం చేస్తున్నావు?’ అని అడిగితే ‘ఫ్రోజెన్’ అని చెబుతోంది, అంటే గడ్డకట్టి ఉన్నానని. ‘కదులు’ అని కమాండ్ ఇస్తే ‘సరే’ అంటుంది. డిస్కులు కరకరమని మొదలుపెడతాయి. నా ప్రాణం లేచివచ్చేది. పది సెకన్లు. మళ్ళీ చప్పుడు లేదు. అడిగితే మళ్ళీ ‘ఫ్రోజెన్’.

“ఎవరో చె... చెయ్యి పట్టుకుని ఆపుతున్నట్టుంది” అన్నాడు ఆయన.

కేబుళ్ళు మార్చాడు. ఐదు డిస్కులనీ ఒక్కొక్కటిగా పరీక్ష చేశాడు, ఐదూ ఆరోగ్యంగానే ఉన్నాయి. గుంపులో ఒకాయన బలవంతంగా తలుపు తెరిచే కమాండ్ ఒకటి ఉందని రాశాడు. ఇంకొకాయన వెంటనే అడ్డుపడ్డాడు. సగం సర్దిన సరుకు మీద ఆ పని చేస్తే ఏ ముక్క ఎక్కడిదో ఆ దేవుడికి కూడా తెలియదు, చేతులు కట్టుకుని కూర్చోండి అని. మూడో మనిషి అడిగాడు: ‘మీ మెషీన్లో సర్దుడును ఆపే ప్రోగ్రాం ఇంకేదైనా నడుస్తోందా?’

ఆయన బటన్ సంగతి రాశాడు. రాసి, గాజు వైపు చూశాడు. ఎర్రదీపం ఆరి ఉంది. ‘అది మొదటి రోజే చూశాను, బటన్ పైకే ఉంది’ అని జవాబు పెట్టాడు. నేనూ చూశాను. దీపం ఆరే ఉంది.

శుక్రవారం సాయంత్రానికి ఆయన ఏమీ టైపు చేయడం లేదు. ఊరికే కూర్చున్నాడు. కాసేపటికి నా వైపు తిరక్కుండానే అన్నాడు.

“మళ్ళీ మొదలుపెడితే పద... పదకొండేళ్ళు. నాకు అరవై మూడు.”

ఆ మాట అనడానికి ఆయనకు ఎంతసేపు పట్టిందో చెప్పను. నేను మాట అందించలేదు.

శనివారం పొద్దున్న పదకొండింటికి కార్యదర్శి వస్తానన్నాడు. నేను తొమ్మిదికే వెళ్ళాను. నేను సగంలో ఆపిన పుస్తకం చదివే గదిలో ఉండిపోయింది. ఎలాగూ అంతా తుడిచేస్తారు, కనీసం ఆ పుస్తకమైనా ఇంటికి తీసుకుపోయి పూర్తిచేద్దామని తాళం అడిగి తీసుకున్నాను. లోపల గాలి ఆడక మగ్గిన వాసన. పుస్తకం బల్ల మీదే బోర్లా ఉంది. కుర్చీలో కూర్చుని పేజీ చూసుకుంటూ, అలవాటు కొద్దీ కుడిచెయ్యి బల్ల అడుక్కి పోనిచ్చాను.

బటన్ కిందికి ఉంది.

సోమవారం నేనే నొక్కాను. ఆ కరకర భరించలేక నొక్కాను. మధ్యలో కరెంటు పోయింది. చిమ్మచీకటి. గోడ తడుముకుంటూ బయటికి వచ్చేశాను, చీకట్లో లేచినదానికి లేచినట్టు లెక్కలేదనుకున్నానో ఏమో, బటన్ ఊసే తలపుకు రాలేదు. మరి దీపం? కుర్చీ ఎక్కి చూశాను. బల్బు మాడి నల్లగా ఉంది. కరెంటు వచ్చిన ఊపుకు పోయినట్టుంది. ఐదు రోజులుగా మెషీను పది సెకన్లకోసారి ఆ బటన్ను అడుగుతోంది, ఎవరో చదువుతున్నారని బటన్ చెబుతోంది, మెషీను మర్యాదగా నోరు మూసుకుంటోంది. ఖాళీ గది కోసం.

వెంటనే నొక్కి లేపొచ్చు. లేపలేదు. గుట్టుగా లేపేస్తే దానంతట అదే కదిలిందని అందరూ అనుకుంటారు, నా పేరు బయటికి రాదు. ఆ ఆలోచన వచ్చిందని ఇప్పుడు రాసుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆ తరవాత గాజు మీద తట్టి ఆయన్ని లోపలికి పిలిచాను.

“ఇక్కడ చెయ్యి పెట్టండి” అన్నాను.

పెట్టాడు. నా ముఖం వైపు చూశాడు. ఆ గదిలో ఆ రోజు మాట రానిది నాకు.

“నేనేనండీ. సోమవారం. చీకట్లో...”

ఆయన బల్ల అడుగున చెయ్యి అలాగే ఉంచి, కళ్ళు మూసుకున్నాడు. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది. బటన్ టక్కుమంది. గోడ అవతల ఒక్క క్షణం ఏమీ లేదు. తరవాత కరకర మొదలైంది. పది సెకన్లు. ఇరవై. నిమిషం. ఆగలేదు. నా జన్మలో అంత చక్కని చప్పుడు వినలేదు.

ఆయన భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని దగ్గరికి వెళ్ళాను. నవ్వుతున్నాడు. చీటీ తీసి రాశాడు: ‘తప్పు సగం నాది. బల్బు మార్చమని మెషీను నాకు చెప్పలేదు, ఎందుకంటే నేను దానికి ఆ మాట నేర్పలేదు.’

పదకొండింటికి కార్యదర్శి చేతులు నలుపుకుంటూ వచ్చి తెర చూశాడు. అరవై మూడు శాతం.

“కదిలిందే! ఏం చేశావయ్యా?”

“బ... బతిమాలానండీ” అన్నాడు నిశ్శబ్దం గారు.

ఆదివారం మధ్యాహ్నానికి పూర్తయింది. సోమవారం ఆయన తన ఫోల్డరు తెరిచి చూసుకున్నాడు. మూడు వందల పన్నెండు పేజీలూ ఉన్నాయి. ఈసారి నాన్చలేదు. నా ఎదుటనే కేటలాగు తెరిచాడు. పుస్తకం పేరు దగ్గర ‘ఓడ వంటవాడి కథ’ అని, రచయిత దగ్గర ‘తెలియదు’ అని కొట్టాడు. చదువరి దగ్గర వేలు ఆగింది. అక్కడ కూడా ‘తెలియదు’ అనే కొట్టాడు.

“ఇదేమిటండీ?” అన్నాను.

“ముందు విననివ్వండి. బా... బాగుందంటే చెబుతాను.”

ఆదివారం స్వయంగా తీసుకువెళ్ళొచ్చు కదా. వెళ్ళలేదు. అందరికీ పంపినట్టే సీడీలో ఎక్కించి పోస్టులో పంపించాడు. పది రోజులు గడిచాయి. మధ్యలో వచ్చిన ఆదివారం చెల్లెలి ఇంటికి వెళ్ళి, కూరలిచ్చి, ఏమీ అడక్కుండా తిరిగొచ్చాడట. ఆవిడా ఏమీ అనలేదట. ఆ పది రోజులూ ఒంటిగంటకు చదివే గదిలోకి వెళ్ళేవాడు కాదు. వెళ్ళి చేసే పనేముంది? వరండాలో నిలబడి బస్సులు చూసేవాడు.

గురువారం ఫోను మోగింది. ఆఫీసులో మేమిద్దరమే ఉన్నాం. ఆ పాత ఫోనులో మాట బయటికి బాగా వినబడుతుంది. నేను తీశాను.

“అక్కా, ఈ ఓడ వంటవాడిని చదివినాయన ఎవరండీ?”

“ఏమ్మా? బాగా లేదా?”

“బాగానే చదివాడు. ఒక్క తప్పు లేదు. కానీ ఊపిరి తీసుకోడేమిటండీ మనిషి? ఎక్కడా ఒక్క ఊపిరి లేదు, ఊపిరి లేని గొంతు ఎవరిదో పోల్చుకోవడం నా వల్ల కాలేదు. వింటూ ఉంటే నాకు ఆయాసం వచ్చింది. పాపం ఏదైనా జబ్బా ఆయనకి?”

నేను ఆయన వైపు చూశాను. ఆయన బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉన్నాడు. తడబాట్లన్నీ కోసేటప్పుడు ఊపిర్లు కూడా వాటితోపాటే పోయాయన్న సంగతి పదకొండేళ్ళలో ఆయన చెవికి అందలేదు. ప్రతి తడబాటుకూ ముందు ఒక ఊపిరి ఉంటుంది కదా.

“పూర్తిగా విన్నావా అమ్మా?” అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

“లేదక్కా. తిరిగి పంపించేస్తున్నాను. నలభై ఆరో పేజీ దాకా విని ఆపేశాను.” గొంతు తగ్గించింది. ఎప్పుడూ గలగలలాడే మనిషి. “ఈ పుస్తకం మా ఇంట్లో ఉండేది. చిన్నప్పుడు మా అన్నయ్య చదివేవాడు నాకు. అక్కడ ఆపేశాడు. నా నోటిదురుసే కారణం. ఆ తరవాతిది వాడి నోటితోనే వినాలక్కా నాకు. ఇంకెవరు ఎంత బాగా చదివినా వద్దు.”

“మరి ఆయన్నే అడగలేకపోయావా ఇన్నేళ్ళు?”

“అడిగితే ఆదివారాలు రావడం కూడా మానేస్తాడేమోనని భయం. ఆ మాట వాడు మనసులో పెట్టుకున్నాడో, మర్చిపోయాడో కూడా నాకు తెలియదు. మీరు మాత్రం వాడితో అనకండి.”

ఆయన చెయ్యి చాచాడు. నేను రిసీవరు ఇచ్చేశాను. ఆయన దాన్ని చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని, నోరు తెరిచాడు. నేను తలుపు దగ్గరికి వేసి వరండాలోకి వచ్చేశాను. బయటికి ఏ మాటా వినబడలేదు. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. ఆయన సంచీ భుజాన వేసుకున్నాడు. మెషీన్ల గది తాళం నా చేతిలో పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. పని వేళల్లో ఆయన ఆ భవనం దాటి వెళ్ళడం అంతకుముందు నేను చూడలేదు.

మర్నాడు ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. గురువారం గురువారం నాలుగింటికే వెళ్ళిపోతానని కార్యదర్శికి చీటీ ఇచ్చాడు. కార్యదర్శి కారణం అడిగాడు. ‘చదువుకోవడానికి’ అని రాశాడట. “ఈ వయసులో ఏం చదువయ్యా?” అని కార్యదర్శి గదంతా వినబడేట్టు నవ్వాడు.

ఏడాది తరవాత ఒకసారి చెల్లెలు ఫోను చేసినప్పుడు ఉండబట్టలేక అడిగాను.

“ఎంతవరకు వచ్చిందమ్మా కథ?”

“యాభై ఒకటి.”

“ఏడాదికి ఐదు పేజీలా!”

“ఏం చెయ్యమంటారక్కా, వాడు ఒక మాట దగ్గర ఆగుతాడా, ఆ మాట వచ్చేలోపు ఇంకేదో గుర్తొస్తుంది, అది చెబుతాడు. అమ్మ పోయినరోజు తను ఎక్కడున్నాడో మొన్న చెప్పాడు. నలభై ఏళ్ళుగా నాకు తెలియదు. పాపం వంటవాడు ఇంకా రేవులోనే ఉన్నాడు. మీకు కథ తెలిసే ఉంటుంది, చెప్పేయకండి నాకు.”

నాకు తెలియదు. కేటలాగులో ఆ రికార్డింగు ఉంది, ఎప్పుడు కావాలన్నా తీసి వినొచ్చు. ఒకసారి మొదలుపెట్టాను కూడా. నిజమే, ఆ గొంతులో ఆయన ఎక్కడా లేడు. ఆపేశాను.

ఇప్పుడు నాకు డెబ్భై ఎనిమిది. ఉద్యోగం లాంటి ఆ చదివే పని మానేసి చాలా కాలమైంది. ఆయనా రిటైరయ్యాడు. గురువారాలు మాత్రం మానలేదని తెలుసు. ఆయన చదువుతుంటే ఒక్కసారి, ఒక మూల కూర్చుని, వినాలని నాకు ఎన్నాళ్ళుగానో ఉంది. అడిగితే కాదనడు. కాని అది అడిగేది కాదు. గురువారం సాయంత్రం కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే నేను రెండు బస్సులు వదిలేసి, ఆ వీధి మీదుగా పోయే బస్సు ఎక్కుతాను. ఆ ఇంటి ఎదురుగా స్టాపు. కిటికీ తెరిచే ఉంటుంది. ఇద్దరి తలలూ కనబడతాయి, ఒకటి పుస్తకం మీదికి వంగి, ఒకటి పక్కకు వాలి. బస్సు అక్కడ అర నిమిషం ఆగుతుంది. ఇంజను చప్పుడులో ఏమీ వినబడదు.